సొంతిల్లా? విడిదా?

పది రోజుల క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు సింగపూరు నుంచి వేగు పంపాడు. ఒకప్పుడు నా తరగతిలో యతిస్థానంలో ప్రాసా, ప్రాసస్థానంలో యతీ వేసి నన్ను నవ్వించిన కుర్రవాడు. ఇప్పుడు నడివయస్కుడు, మంచి ఉద్యోగస్థుడు. వేగుకు జతగా ఇరవై ఛాయాచిత్రాలు. ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే ద్వీపం ఉంది. ఆ ద్వీపపు పడమటి భాగంలో, సముద్రానికీ కొండకూ నడుమ, నలభై గడపల పల్లె. కొబ్బరిచెట్లు, ఇసుక మీద బోర్లించిన పడవలు, పందిరి కింద కూర్చుని నవ్వుతున్న ముసలివాళ్ళు. అక్కడ అరెకరం నేల తీసుకుని, ఇల్లు కట్టుకుని, యాత్రికుల కోసం మరి రెండు గదులు వేసి, ఉద్యోగవిరమణ తరువాత అక్కడే ఉండిపోవాలని అతడి సంకల్పం. పరదేశీయుడి పేర భూమి రాయడానికి ఆ దేశపు చట్టం ఒప్పుకోదట. అందుచేత ఊళ్ళోని ఒక నమ్మకస్థుడి పేర రాయించి, ఇద్దరి మధ్యా విడిగా ఒక కాగితం రాసుకుంటారట. "భూమి అతడి పేర ఉంటుంది గానీ నాదే మేష్టారూ. ఇంటికి మంచి సమాసం ఒకటి పేరుగా కూర్చి పంపండి" అని ముగించాడు.

పేరు కూర్చడం తెలుగు పండితుడికి ఎంతసేపు? సాగరమో, సౌధమో, నిలయమో, ఏదో ఒకటి అతికించి పంపవచ్చు. కాని కలం సాగలేదు. "అతడి పేర ఉంటుంది గానీ నాదే" అన్న వాక్యం గొంతులో చేపముల్లులాగ దిగబడింది. ఈ వాక్యం నేనెక్కడో విన్నానే అనుకున్నాను. తరువాత గుర్తుకు వచ్చింది, నేను విన్నది కాదు, అన్నది. ఆ సంగతి ముందుకు చెబుతాను. మిత్రులలో విదేశాల్లో ఉన్నవాళ్ళూ, పదవీవిరమణకు దగ్గరపడ్డవాళ్ళూ చాలామంది ఉన్నారు. మారుమూల పల్లెలో ప్రశాంతంగా శేషజీవితం గడపాలన్న కోరిక ఒక్క నా శిష్యుడిది మాత్రమే కాదు గనుక నా జవాబును ఇక్కడ అందరితోనూ పంచుకుంటున్నాను.

మా వృత్తివాళ్ళకు వస్తువు కంటే ముందు మాట కనిపిస్తుంది. కాబట్టి మాటలతోనే మొదలుపెడతాను. ఇండోనేషియా భాషలో గ్రామాన్ని 'దేసా' అంటారు. అది మన 'దేశ' శబ్దమే. మనకు దేశమంటే కొండలూ నదులూ దాటి పోయే విశాలభూమి. వాళ్ళకు దేశమంటే ఊరు. భాషను 'బహాసా' అంటారు, గురువును 'గురు' అనే అంటారు. ఇవన్నీ సంస్కృతం నుంచి సముద్రం దాటి వెళ్ళిన మాటలు. నాకు మరింత ఆశ్చర్యం కలిగించిన మాట మరొకటి ఉంది. వ్యాపారంలో పెట్టే ధనాన్ని వాళ్ళు 'మొదాల్' అంటారు. ఇది సంస్కృతం కాదు, ద్రావిడం. తమిళుల 'ముదల్' నుంచి వెళ్ళింది. మనం అప్పు లెక్కల్లో "వడ్డీ తీరింది, మొదలు మిగిలింది" అంటామే, ఆ 'మొదలు'కు సోదరశబ్దం. ఇక పెట్టుబడి పెట్టడాన్ని వాళ్ళు 'పెనానమన్ మొదాల్' అంటారు. మాటకు మాట అర్థం చెప్పాలంటే 'మొదలు నాటడం'. చెట్టు నాటినట్టు ధనాన్ని నాటడం!

మన మాట 'పెట్టుబడి'. పెట్టినది పడి ఉంటుంది, పెట్టినవాడు ఎప్పుడైనా తీసుకోవచ్చు. నాటినది అలా కాదు. నాటిన తరువాత అది ఆ మట్టిదవుతుంది. ఆ నీరే తాగుతుంది, ఆ ఎండే కాస్తుంది. నాటినవాడికి ఫలం దక్కవచ్చు. కాని వేరు పెరికి ఇంటికి తీసుకుపోతానంటే చెట్టు బతకదు. పరాయి పల్లెలో ధనం పెట్టదలచినవాడికి ఇంతకంటే మంచి పాఠం మరొకటి ఉంటుందని నేననుకోను.

ఆ దీవులతో మనకు సంబంధం కొత్తది కాదు. శ్రీకాకుళం దగ్గర శ్రీముఖలింగం ఒకప్పుడు గంగవంశీయుల కళింగనగరం. వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం, దానికి ఎగువన శాలిహుండం బౌద్ధస్తూపాలు. ఈ తీరం నుంచి నావలు తూర్పు దీవులకు వెళ్ళేవి. మలయా, ఇండోనేషియా ప్రాంతాల్లో దక్షిణ భారతీయులను 'కెలింగ్' అని పిలిచేవారు. అది కళింగ శబ్దం నుంచి పుట్టినదే. మొదట్లో అది కేవలం దేశవాచకం. కాలక్రమంలో దానికి నీచార్థం పట్టి, నేడు మలయా వైపు ఆ మాటతో పిలిస్తే తిట్టుగా భావిస్తారు. భాషాశాస్త్రంలో దీన్ని అర్థాపకర్ష అంటాం. అతిథికి పెట్టిన పేరు తిట్టుగా మారిందంటే, ఆ రెంటికీ నడుమ ఏదో జరిగి ఉంటుంది కదా! ఏమి జరుగుతుందో తరువాత చూద్దాం. ముందు చట్టం సంగతి.

ఇండోనేషియా 1960లో ఒక భూమి చట్టం చేసుకుంది. ఆ సంవత్సరపు 5వ నంబరు చట్టం. డచ్చివారి పాలనలో తోటల దొరల చేతుల్లోకి పోయిన నేలను చూసిన జాతి చేసుకున్న చట్టమది. దాని ప్రకారం సంపూర్ణ యాజమాన్యం, అంటే 'హక్ మిలిక్', ఆ దేశపౌరుడికే చెల్లుతుంది. ఇందులోని 'హక్', మన 'హక్కు' రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. పరదేశీయుడికి మిగిలినవి ప్రధానంగా రెండు: 'హక్ పకాయ్', అనగా అనుభవించే హక్కు, 'హక్ సేవా', అనగా అద్దె హక్కు. ఈ 'సేవా' కూడా మన సేవా శబ్దమే, అక్కడ అద్దె అనే అర్థంలో స్థిరపడింది. నాకైతే ఈ అర్థపరిణామం చాలా నచ్చింది. పరాయిచోట ఉండేవాడి హక్కు సేవారూపమైన హక్కు!

నా శిష్యుడు తలపెట్టిన ఉపాయాన్ని కూడా ఆ చట్టం ముందే ఊహించింది. 26వ విభాగం రెండో ఉపవిభాగం చెప్పేదేమంటే, ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని పరదేశీయుడికి యాజమాన్యం దఖలుపరచే ఏ లావాదేవీ అయినా చెల్లదు. అంతటితో ఆగదు. ఆ భూమి ప్రభుత్వానికి పోతుంది. యజమాని అప్పటికే పుచ్చుకున్న సొమ్మును తిరిగి అడిగే వీలు లేదు. ఇంత స్పష్టంగా రాసి ఉండగా దళారులు "అందరూ ఇలాగే చేస్తున్నారు" అని ధైర్యం చెబుతారు. కంపెనీ పెట్టి సక్రమంగా వెళ్ళే దారి ఒకటుంది. కాని 2021 నాటి నిబంధనల్లో విదేశీ పెట్టుబడి కంపెనీకి నిర్ణయించిన కనీస ప్రణాళిక, భూమి, భవనాల విలువ కాక, వెయ్యి కోట్ల రూపయ్యాలు. మన లెక్కలో అయిదు కోట్ల రూపాయల పైచిలుకు. రెండు గదుల పూటింటికి అది ఎక్కడ అతుకుతుంది?

సర్కారు చట్టానికి అడుగున మరో చట్టం ఉంది. దానిని వాళ్ళు 'అదాత్' అంటారు, అంటే ఆచారం. ఫ్లోరెస్ పడమటి భాగంలో ఉండేవారు మంగరాయి జనం. వాళ్ళ ఉమ్మడి పొలాలను 'లింగ్కో' అంటారు. చంచర్ అనే ఊరి దగ్గర కొండెక్కి చూస్తే ఆ వరిపొలాలు అచ్చంగా సాలెగూడులా కనిపిస్తాయి. మధ్యలో ఒక బిందువు, అక్కడినుంచి నలువైపులకూ గీతలు, ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క తునక. పంచేవాడు ఊరిపెద్దల్లో ఒకడు. 'తుఅ తెనో' అని అతడికి పదవి. అటువంటి చోట ఒక మనిషి వచ్చి "ఈ అరెకరం నాది, నీకు అమ్ముతాను" అంటే, సాలెగూటిలోంచి ఒక్క పోగు కోసి ఇస్తానన్నట్టే. మిగిలిన పోగులు ఊరుకుంటాయా? అన్నదమ్ములూ, మేనమామలూ, ఊరిపెద్దలూ, పుట్టబోయే పిల్లలూ అందరికీ అందులో పాలు ఉంటుంది. ఒక్కడి సంతకం కొన్నవాడు ఊరు మొత్తంతో వ్యాజ్యం కొన్నట్టే.

ఇదంతా ఎక్కడో దీవి సంగతి అనుకోకండి. కొత్తవలసలో రైలెక్కితే మూడు గంటలలోపు ఇదే కథ ఎదురవుతుంది.

మా ఊరి నుంచి కిరండూలు వరకూ పోయే రైలుమార్గం 1960లలో వేసినది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం దాని ప్రయోజనం. లక్కవరపుకోట, శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరాక కొండ మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. సొరంగం వెనుక సొరంగం. 2017లో ఆ బండికి అద్దాల పెట్టె తగిలించారు. అప్పటినుంచి సెలవుల్లో ప్రొద్దుటిపూట మా స్టేషనులో ఆగిన బండిలోంచి కేరింతలు వినిపిస్తాయి. ఆ పెట్టెలో కూర్చుని లోయను చూసిన ప్రతి పదిమందిలో ఒకరైనా "ఇక్కడ చిన్న స్థలం తీసుకుంటే ఎంత బాగుంటుంది!" అనుకోకుండా ఉండరు. నేనూ అనుకున్నవాడినే.

1990ల తొలి సంవత్సరాల్లో నేను ఆ కొండల్లో ఒక పాఠశాలలో మూడేళ్ళు పనిచేశాను. గెడ్డ పక్కన, పనసచెట్టు నీడలో, ఇరవై సెంట్ల జాగా మీద నా మనసు పడింది. అది ఏజెన్సీ ప్రాంతం. అక్కడ గిరిజనేతరుడి పేర భూమి రాయరు. అయితేనేం, తోటి ఉద్యోగులు కొందరు గిరిజనుల పేర తీసుకుని ఇళ్ళు వేసుకున్నారు. నేనూ నా విద్యార్థి తండ్రి ఒకాయన దగ్గరకు వెళ్ళాను. జాగా ఆయనదే. "కాగితం మీద నీ పేరే ఉంటుంది, నేను ఇల్లు వేసుకుంటాను. నీ పేర ఉంటుంది గానీ నాదే అనుకోవాలి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మేష్టారు బాబూ, కాయితం మీద నా పేరుంటాది, డబ్బు మీదుంటాది. రేపు నాను సచ్చిపోతే నా కొడుకు ఈ బూమి నాదంటాడు. నిజవే గదా, ఆడి బాబు పేరే గదుంటాది. అప్పుడు మీరు ఆడ్ని దొంగంటారు. ఆడికి చదువు సెప్పిన మీరే ఆడ్ని దొంగని సేస్తారా?"

నేను తల వంచుకుని వచ్చేశాను. ఆ కొడుకు ఆ రోజు నా తరగతిలో మూడో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అప్పటివరకూ నేను ఆలోచించినదంతా చట్టానికి దొరకకుండా ఉండడం గురించే. ఎదుటివాడి కొడుకును దొంగను చేయడం గురించి ఆలోచించనే లేదు. బినామీలో ఉన్న అసలు పాపం ఇదేనని నాకు ఆ రోజు తెలిసింది. పేరు అరువిచ్చినవాడు నిజాయితీగా ఉంటే జీవితాంతం పరాయివాడి కాపలాదారు. తన భూమి తనదంటే దొంగ. మధ్యే మార్గం లేదు. మంచి పొరుగువాడుగా ఉండగలిగిన మనిషిని ఈ రెంటిలో ఒకటిగా మార్చి, అటుపైన ఆ పల్లెలో ప్రశాంతంగా జీవిస్తానని అనుకోవడం కంటే భ్రమ ఏముంటుంది?

ఏజెన్సీ భూములకు రక్షణ ఆనాటి పాలకులే మొదలుపెట్టారు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. తరువాత 1959 నాటి భూబదలాయింపు నిబంధన. దానికి 1970లో చేసిన సవరణనే అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. దాని ప్రకారం షెడ్యూలు ప్రాంతంలో భూమి గిరిజనులకు గాని, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గాని తప్ప మరెవరికీ బదలాయించరాదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసినది స్వాధీనంలో ఉన్నవాడే. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. 1997లో సమతా కేసు తీర్పు వచ్చింది. అది పుట్టినది ఎక్కడో కాదు, బొర్రా గుహలున్న అనంతగిరి మండలపు గనుల వివాదంలో. షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వభూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని, ఈ విషయంలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి' కిందికే వస్తుందని ధర్మాసనం చెప్పింది. చట్టం ఉన్నంత మాత్రాన ఉల్లంఘనలు లేవని నేననను. నేను చేయబోయినదే ఒక ఉల్లంఘన. కాని ఆ చట్టమే లేకపోతే ఆ లోయ ఈపాటికి ఎలా ఉండేదో ఊహించడానికి కొత్తవలస చుట్టూ ఒకసారి తిరిగితే చాలు. ఒకనాటి మామిడితోటల, జీడితోటల స్థానంలో హద్దురాళ్ళు. రాళ్ళ మధ్య పిచ్చిమొక్కలు. యజమానులు ఏ ఊళ్ళో ఉన్నారో పక్క పొలం రైతుకు తెలియదు. అక్కడ నాటినది ధనం కాదు, రాళ్ళు.

ఇప్పుడు 'కెలింగ్' మాట దగ్గర ఆపిన ప్రశ్నకు వద్దాం. అతిథి ఎప్పుడు అవమానపాత్రుడవుతాడు? దీనికి సమాధానం మా ఉత్తరాంధ్ర ముసలివాళ్ళ నోట 'రంగం' అన్న మాటలో ఉంది. రంగమంటే రంగూను. ఈ తీరం నుంచి వేలాదిమంది కూలికోసం బర్మా వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, వరికోతలు కోశారు. భూములు కొన్నది వీళ్ళు కాదు. తమిళదేశపు నాటుకోట్టై చెట్టియార్లు అప్పులిచ్చేవారు. 1930ల ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయి రైతులు బాకీలు తీర్చలేక భూములు వదులుకున్నారు. ఆ దశాబ్దం చివరికి దిగువ బర్మాలో ముఖ్యమైన వరి జిల్లాల సాగుభూమిలో సుమారు నాలుగోవంతు చెట్టియార్ల పాలయింది. భూమి పోయిన వాడి కోపం కాగితాల్లో పేరున్నవాడి దాకా వెళ్ళదు. కంటికి ఎదురుగా ఉన్న పరదేశి మీద పడుతుంది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మెతో మొదలైన గొడవ భయంకరమైన అల్లర్లుగా మారింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలమంది కాలినడకన కొండలూ అడవులూ దాటి వస్తూ దారిలో రాలిపోయారు. 1962 తరువాత సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నిటినీ జాతీయం చేసినప్పుడు మిగిలినవాళ్ళూ కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో నేటికీ 'బర్మా క్యాంపు' అని ఒక పేట ఉంది. భూమి కొన్నవాడొకడు, మూల్యం చెల్లించినవాడు మరొకడు. పరాయి నేలలో యాజమాన్యం ఎంత ప్రమాదకరమో మన ప్రాంతం కన్నీళ్ళతో నేర్చుకున్న పాఠమిది.

ఇదంతా రాసి పంపితే నా శిష్యుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "మేష్టారూ, బయటివాళ్ళు భూమి కొనకూడదంటే బయటి డబ్బు ఊళ్ళోకి ఎలా వస్తుంది? వాళ్ళు అలా బీదవాళ్ళుగానే ఉండిపోవాలా? మనం చూసి ముచ్చటపడడానికి వాళ్ళు గుడిసెల్లో ఉండాలా?"

ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. పని లేక కుర్రాళ్ళు ఊరు విడిచి పోతున్న పల్లెకు, అక్కడైనా ఇక్కడైనా, అతిథి ఇచ్చే రూపాయి విలువైనదే. చట్టం భూమిని కాపాడుతుంది గాని కడుపు నింపదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కాని ధనం రావడానికి భూమి పోవడం తప్పనిసరి కాదని చూపించడానికి రెండు నిదర్శనాలున్నాయి.

మొదటిది అరకు కాఫీ. సిల్వర్ ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. ఆ తోటలు గిరిజన కుటుంబాలవి, ఒక్కొక్కరివి చిన్న చిన్న కమతాలు. బయటి సంస్థలు, సర్కారు కలిసి మొక్కలిచ్చాయి, పండ్లు కోసే పద్ధతి నేర్పాయి, గింజ శుద్ధిచేసే యంత్రాలు పెట్టాయి, కొనేవాళ్ళను వెతికాయి. 2017లో అరకు పేరుతో పారిస్ నగరంలో కాఫీ దుకాణమే తెరిచారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదలు బయటినుంచి వచ్చింది, మట్టి ఎవరిది వారికే ఉంది. లోటుపాట్లు లేవని కాదు. కాని దారి ఇది.

రెండవది నా శిష్యుడు వెళ్ళదలచిన ఫ్లోరెస్ ద్వీపంలోనే ఉంది. వాయే రెబో అని మంగరాయి వాళ్ళ కొండ ఊరు. సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైన, చివరి రెండు మూడు గంటలు కాలినడక. అక్కడా కాఫీయే పంట. ఊరి మధ్య మైదానం, చుట్టూ ఏడు ఇళ్ళు. నేల దాకా దిగిన గడ్డికప్పుతో బోర్లించిన గంపల్లా ఉంటాయి. ఒక్కొక్క ఇంట్లో అయిదంతస్తులు. అడుగున మనుషులు, రెండో అంతస్తులో తిండిసామాను, మూడో దానిలో విత్తనాలు, నాలుగో దానిలో కరువుకాలానికి దాచిన నిల్వ, అయిదో దానిలో పితృదేవతలకు నైవేద్యం. విత్తనానికీ కరువుకూ విడివిడిగా అంతస్తులు కేటాయించిన వాస్తుశాస్త్రాన్ని చూసి మనం నేర్చుకోవలసినది చాలా ఉంది.

2008లో జకార్తా నుంచి ఒక వాస్తుశిల్పి బృందం వెళ్ళేసరికి ఏడింటిలో నాలుగు ఇళ్ళే మిగిలి ఉన్నాయి. ఆ బృందం దాతల చేత ధనసహాయం చేయించింది. కట్టినవాళ్ళు మాత్రం ఊరివాళ్ళే. ముసలివాళ్ళు చెబుతూ ఉండగా కుర్రాళ్ళు కట్టి, మరచిపోబోతున్న విద్యను తిరిగి నేర్చుకున్నారు. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో దానికి అగ్రస్థానం దక్కింది. ఇప్పుడు అక్కడికి వెళ్ళిన యాత్రికుడు ముందు పెద్దయింట్లో ఊరిపెద్ద ముందు కూర్చోవాలి. ఆయన పూర్వులకు "వీళ్ళు వచ్చారు, కాపాడండి" అని విన్నవిస్తాడు. ఆ తంతు పూర్తయ్యాకనే ఊరు చూడడం. రాత్రి అతిథుల ఇంట్లో అందరూ వరసగా చాపల మీద పడుకోవాలి, వండినది తినాలి. ఇచ్చే సొమ్ము ఊరిది. ఇళ్ళకు డబ్బిచ్చిన దాతలకు ఆ ఊళ్ళో జానెడు భూమి లేదు. 'మొదలు నాటడం' అనే మాటకు నిఘంటువులో ఉదాహరణ ఇవ్వవలసి వస్తే నేను దీన్నే ఇస్తాను.

కాబట్టి నా శిష్యుడిని వెళ్ళవద్దనలేదు. వెళ్ళే పద్ధతి మార్చుకోమన్నాను. నేను రాసినవి ఇవి.

భూమి సంగతి తలపెట్టక ముందు ఒక ఏడాది అద్దెకు ఉండు. ఛాయాచిత్రాలన్నీ ఎండాకాలంలో తీసినవి. డిసెంబరు నుంచి మార్చి దాకా వాన పడేటప్పుడు దారి ఉంటుందో లేదో, పడవ వస్తుందో రాదో చూడు. ఎండ ముదిరాక బావిలో నీరెంత ఉంటుందో, ఆ నీటికి ఎంతమంది పోటీయో చూడు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రి ఎన్ని గంటల దూరమో గడియారం పెట్టి లెక్కించు. అది భూకంపాల నేల. 1992 డిసెంబరులో ఫ్లోరెస్‌లో భూకంపం, సునామీ కలిసి సుమారు 2,500 మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఇల్లు కట్టేవాడు సముద్రపు నీలాన్ని చూడడమే కాదు, పరుగెత్తడానికి కొండదారినీ చూసుకోవాలి.

భాష నేర్చుకో. నీకు సగం మాటలు ముందే వచ్చు. పర్యాటక వీసా మీద ఉండి యాత్రికులకు గదులు అద్దెకివ్వడం నేరం. దానికి తగిన అనుమతి వేరే ఉంది. లీజు రాయించుకుంటే బినామీ కాగితం కాదు, ఉన్నది ఉన్నట్టు అద్దె అని రాయించుకో. 2009 నాటి వారి భాషాచట్టం ప్రకారం ఒప్పందం వాళ్ళ భాషలో ఉండి తీరాలి. ఒక్కడి సంతకం చాలదు. అన్నదమ్ములూ ఊరిపెద్దలూ కూర్చున్నచోట అందరికీ వినిపించేలా చదివించు. గడువు ముగిశాక ఇల్లు ఎవరిదో అందులోనే రాసుకో. "వాళ్ళదే" అని రాయడానికి నీకు మనసొప్పకపోతే అసలు కట్టకు. అంతకంటే మేలైనది ఏమంటే, నీ గదులు నువ్వు కట్టవద్దు. ఆ ఊళ్ళో ఎవరింటికో రెండు గదులు వేసుకోవడానికి సొమ్ము సర్దు, వచ్చిన దానిలో వాటా తీసుకో, ఏడాదికి నాలుగు నెలలు ఆ గదిలోనే అతిథిగా ఉండు.

మనం ఎవరం చెప్పడానికి అని మీలో కొందరికి అనిపించవచ్చు. మా ఊరి పేరులోనే వలస ఉంది. ఆమదాలవలస, కరకవలస, కొత్తవలస. ఈ జిల్లాలనిండా వలసలే. ఎప్పుడో ఎక్కడినుంచో బ్రతుకు వెతుక్కుంటూ వచ్చి, చెట్లు కొట్టి, గుడిసెలు వేసుకున్నవాళ్ళ సంతానమే మనం. అందుచేతనే వలస వద్దని నేననలేను. కాని వలస వచ్చినవాడు ఆ మట్టిలో పనిచేసి, ఆ నీళ్ళు తాగి, ఆ శ్మశానంలో కలిసి ఆ ఊరివాడయ్యాడు. కాగితం కొని దూరాన కూర్చున్నవాడు ఎన్ని తరాలైనా పరదేశియే. ఊరినే 'దేసా' అనే జనం దగ్గరకు వెళ్తున్నప్పుడు, దేశమంటే ఏమిటో చెప్పిన మన విజయనగరపు మహాకవిని తలచుకోవాలి. ఆ గేయం మీకందరికీ కంఠస్థమే.

ఇక ఇంటిపేరు. చివరికి నేను పంపినది సమాసం కాదు, అచ్చతెలుగు మాట ఒకటి: 'విడిది'.

పెళ్ళివారికి విడిది ఇస్తాం. వచ్చినవాళ్ళకు అందులో అన్ని మర్యాదలూ జరుగుతాయి. వేడినీళ్ళు, ఫలహారాలు, మంచాలు. వాళ్ళు చేయవలసిందల్లా అది తమ ఇల్లు కాదని గుర్తుంచుకోవడం, మేళం అయిపోయాక శుభ్రంగా అప్పగించి వెళ్ళడం. అంత చిన్న మర్యాదకు ప్రతిఫలంగా ఒక ఊరు మొత్తం చుట్టమవుతుంది.

నిన్న జవాబు వచ్చింది. బయానా ఇంకా ఇవ్వలేదట. దళారికి తెలియకుండా ఊరిపెద్దను నేరుగా అద్దె గురించి అడిగాడట. ఆయన అల్లుళ్ళతో మాట్లాడి చెబుతానన్నాడట. "పేరు బాగుంది మేష్టారూ, కాని వాళ్ళకు నోరు తిరగడం లేదు" అని రాశాడు. తిరిగేదాకా అక్కడ ఉండమన్నాను.